పదకొండు పేర్ల జాబితా

జనవరి 9

పదేళ్ళ కిందట మంగారా సితోహాంగ్ నాకొక మాట ఇచ్చాడు. పాలిటెక్నిక్ రెండో అంతస్తులో, కిటికీ పక్కన నిలబడి, మా అక్క వేయించి పంపిన అరటిపండు నములుతూ ఇచ్చాడు. "మాస్, ఫర్మ్‌వేర్ ఎంచుకునే ఆ ఒక్క తెర నాకు వదిలెయ్యండి. మీ అక్క కూర్చున్నా తప్పు చెయ్యలేనట్టు చేసిపెడతా. నెల చాలు" అన్నాడు. మాస్ అంటే అన్న, నన్నలాగే పిలిచేవాడు. నెల గడిచింది. ఏడాది తిరక్కుండానే బాటమ్ దీవిలో ఉద్యోగం చూసుకుని ఓడెక్కాడు. తెర మాత్రం అలాగే ఉంది. పదకొండు వరుసలు.

ఇవాళ ఆ వరుసల మీద ఫిర్యాదు వచ్చింది. కోపాన్ని ఎక్కడో ఒకచోట దింపుకోవాలి. అక్క మీద దింపితే రెట్టింపు చేసి తిరిగిస్తుంది. అందుకని ఈ నోటుపుస్తకం.

ఫిర్యాదు చేసింది కెపాంజెన్ వృత్తి విద్యా పాఠశాల పంతులమ్మ, వినార్సిహ్. వాళ్ళ పిల్లలు లుంబుంగ్ మీద నేర్చుకుంటారు. తూర్పు జావాలో ముప్ఫై నాలుగు బడులు నేర్చుకుంటున్నాయి. ఒక కంప్యూటరు కడుపులో పది ఉత్తుత్తి కంప్యూటర్లను పెంచి పోషించే సాధనం అది. నేనూ మంగారా కలిసి రాశాం. ధాన్యపు గాదెను మావాళ్ళు పిలిచే పేరే పెట్టాం.

పుట్టే ప్రతి యంత్రానికీ ముందుగా ఫర్మ్‌వేర్ ఏదో చెప్పాలి. అంటే కళ్ళు తెరవగానే అది నడిపే మొట్టమొదటి ప్రోగ్రాం. పాత రకం ఉంది, కొత్త రకం ఉంది. ఒక రకం కింద తయారైన డిస్కు ఇంకో రకం కింద లేవదు. నా జాబితా పదకొండు ఫైళ్ళనూ వాటి అసలు పేర్లతోనే చూపిస్తుంది. పేర్లు పొడుగే. అక్షరాలూ అంకెలూ గీతలూ. ఉండనీ. అవి వాటి పేర్లు.

ఆవిడ ఏమంటుందంటే, కిందటేడు ప్రాక్టికల్ పరీక్షలో బడివాళ్ళు ఇచ్చిన డిస్కులు కొత్త రకానివట. ముప్ఫై ఒక్క మందిలో పద్నాలుగు మంది జాబితాలో మొదటి పేరు దగ్గరే ఆగిపోయారట. అది పాత రకం. నల్ల తెర. మొదటి మెట్టు మీదే సున్నా. యూలియాంతి అనే అమ్మాయి ఒక్కొక్క వరుసా పైనుంచి కిందికి ప్రయత్నిస్తూ వచ్చిందట. ఎనిమిదోది పనిచేసింది. అప్పటికి గంట కొట్టారు.

పదకొండూ తీసేసి రెండే చూపిద్దాం, పాతది, కొత్తది, ఏ ఫైలన్నది లుంబుంగే చూసుకుంటుంది అంటుంది. ఊరికే అనలేదు, ఆ తెరకు ప్రోగ్రాం కూడా రాసి పంపింది. లుంబుంగ్‌లోకి ఏది చేరాలన్నా నేను ఒప్పుకోవాలి. తాళంచెవి నా ఒక్కడి దగ్గరే ఉంది.

ఒక్క వాక్యం జవాబిచ్చాను: "ఎంచుకోలేనివాడికి యంత్రం ఎందుకు?"

మంచి వాక్యం. ఎక్కడో చదివినట్టుంది.

జనవరి 10

జవాబు వచ్చింది. "ఇంగ్గిహ్, పాక్." అంతే.

జనవరి 13

ఇంగ్గిహ్ అంటే సరేనండీ అని, పాక్ అంటే అయ్యగారూ అని. జావాలో పుట్టినవాడికి తెలుసు, అది విన్నాను అనడమే గాని ఒప్పుకున్నాను అనడం కాదు. మా నాన్న మా అమ్మకు నలభై ఏళ్ళు ఇంగ్గిహ్ అన్నాడు, ఒక్క పనీ చెయ్యలేదు.

సులువు, సులువు అని అందరూ. నేను నేర్చుకున్నప్పుడు పుస్తకం డచ్చి భాషలో ఉండేది. డచ్చి రాదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని, వాక్యానికి పావుగంట చొప్పున చదివాను. అలా నేర్చుకున్నది ఇప్పటికీ పోలేదు. చరిత్ర పుస్తకాలు రెండు బీరువాల నిండా చదివాను. ప్రజలకు కష్టం లేకుండా మేమే ఎంచిపెడతాం అని మొదలుపెట్టిన ఏ ప్రభువూ అక్కడితో ఆగిన దాఖలా కనబడలేదు. జాబితా నిజం చెబుతుంది. రెండు బొత్తాలు చెప్పేది మర్యాదగా దాచిన అబద్ధం.

ఈ మాట ఆవిడకు రాయలేదు. ఇక్కడ రాశాను.

జనవరి 17

ఆవిడ తప్పని చూపించడానికి నేనే ఒక కొత్త యంత్రం చేశాను. వరుస ఎంచాను, డిస్కు తగిలించాను. నల్ల తెర.

కళ్ళద్దాలు మార్చాలి.

జనవరి 18

మళ్ళీ నల్ల తెర. ఐదో వరుసకూ ఎనిమిదో వరుసకూ మధ్య తేడా నాలుగు అక్షరాలు. కళ్ళద్దాలు మార్చాల్సిందే. దుకాణం మూసి ఉంది.

జనవరి 21

వాన. ఏమీ చెయ్యలేదు.

జనవరి 28

ఆ పంతులమ్మ ఇంటికే వచ్చేసింది. కెపాంజెన్ నుంచి మోటారుసైకిలు మీద, వానలో, రెయిన్‌కోటులోంచి నీళ్ళు కారుతుండగా. నలభై దాటి ఉంటుంది. బక్కగా, నెమ్మదిగా మాట్లాడుతుంది. అలాంటివాళ్ళే ప్రమాదం.

అక్క టెంపే వేపుడు పళ్ళెం తెచ్చింది, పులియబెట్టిన సోయా గింజల ముక్కలు. మా అక్క సార్మికి డెబ్భై ఆరు. అందరికీ యు సార్మి, యు అంటే అక్క. మోకాళ్ళు పోయాయి, నోరు పోలేదు.

"తీసుకోమ్మా."

"అయ్యో, ఇప్పుడే తిని వచ్చానండీ."

"తీసుకో, వేడిగా ఉంది."

"మీరెందుకండీ శ్రమ పడ్డారు, నిజంగా కడుపు నిండుగా ఉంది."

"నువ్వు తినకపోతే వీడు తింటాడు. వీడికి అరగదు. తీసుకో."

అప్పుడు తీసుకుంది. నాలుగు ముక్కలు తింది. ఆకలి మీదే వచ్చింది పాపం.

"చూశావా, పద్ధతి" అంది అక్క నాకేసి. "ఆ సుమత్రా బతక్ పిల్లాడు ఉండేవాడే, మంగారా. పళ్ళెం కింద పెట్టేలోపే చెయ్యి వేసేవాడు. ఒకరోజు వద్దన్నాడు. మొహమాటమేమో అని నేను మూడుసార్లు అడిగా. మూడోసారికి 'యు, వద్దంటే వద్దనే అర్థం, కడుపులో నొప్పి' అన్నాడు! నాకు నవ్వాగలేదు. వాళ్ళ ఊళ్ళో అంతేనట."

ఆవిడ నవ్వి, కంప్యూటరు తీసి చూపించింది. రెండు వరుసలు. ఒక్కొక్కదాని కింద మామూలు మాటల్లో ఒక వాక్యం. బాగానే ఉందని చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు, కాని చెప్పలేదు.

"మార్చి 6న పరీక్ష, పాక్. ఈసారి ఇరవై తొమ్మిది మంది. ఫిబ్రవరి ఆఖరులోపు లుంబుంగ్ మారకపోతే తీసేస్తామని బడి కమిటీ తీర్మానించింది. కంపెనీవాళ్ళ సాధనం పెడతారట. మా బడి తీసేస్తే మిగతావాళ్ళూ అదే దారి. నాకది ఇష్టం లేదు."

"తీసెయ్యనీ."

"మా పిల్లలు లోపలేముందో చూసి నేర్చుకుంది లుంబుంగ్‌లోనే, పాక్. కంపెనీవాళ్ళది మూత తియ్యనివ్వదు."

"మరి మూత తీసేవాళ్ళకి పదకొండు పేర్లు చదవడం కష్టమా?"

"ముందు యంత్రం లేవాలి కదండీ, పాక్. తర్వాత చదువుతారు."

దానికి నా దగ్గర జవాబుంది, సమయానికి తట్టలేదు. వద్దు అన్నాను. పాఠం చెప్పడం చేతకాకపోతే తెర మార్చమని అడగడం అలవాటైపోయింది అని కూడా అన్నాను.

"ఇంగ్గిహ్, పాక్."

లేచి రెయిన్‌కోటు తొడుక్కుంది. మిగిలిన టెంపే అక్క కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆవిడ రెండుసార్లు వద్దని, తీసుకుని వెళ్ళింది.

"సిగ్గులేదురా నీకు. వానలో వచ్చిన మనిషి" అంది అక్క.

"నేను రమ్మన్నానా?"

"నిన్ను చూడ్డానికి ఇంకెవరొస్తున్నారని?"

జనవరి 29

తట్టిన జవాబు: జ్వరం వచ్చినవాడికి థర్మామీటరులో అంకెలు మార్చి చూపిస్తే జ్వరం తగ్గదు.

ఇది కూడా సరిగ్గా కుదరలేదు.

ఫిబ్రవరి 6

పాలిటెక్నిక్‌లో మా పాత శాఖాధిపతి దర్సోనో పోయాడట. జకార్తాలో లుంబుంగ్ గురించి గంటసేపు ప్రసంగం చేసి, నన్ను "మా సిబ్బందిలో ఒకరు" అన్న మనిషి. ప్రార్థనకు రమ్మన్నారు. వెళ్ళను.

ఫిబ్రవరి 7

వెళ్ళాను. పొట్లంలో పెట్టిన అన్నం బాగుంది. వాళ్ళ అల్లుడు నన్ను కరెంటు మేస్త్రీ అనుకున్నాడు.

అక్కడ ఒక పాత విద్యార్థి కనిపించి, మంగారా ఎలా ఉన్నారు సార్ అని అడిగాడు. నాకేం తెలుసు అన్నాను. మాట ఇచ్చి తప్పినవాళ్ళ క్షేమసమాచారాలు నేను పెట్టుకోను. ఎనిమిదేళ్ళు పక్క కుర్చీలో కూర్చున్నాడు. వెళ్ళేముందు చెప్పి వెళ్ళాడు, అది ఒప్పుకుంటాను. కారణం మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు, అడగాల్సింది నేను కాదు.

ఫిబ్రవరి 12

కొత్త కళ్ళద్దాలు. ఐదో వరుస. నల్ల తెర.

ఫిబ్రవరి 19

మూడోసారి వచ్చింది. మొదటిసారి వచ్చింది ఉత్తరం, రెండోసారి వానలో తను. ఈసారి వాన లేదు. అక్కకోసం ఆపిల్ పళ్ళు తెచ్చింది, నాకోసం ఒక కాగితం.

"పాక్, కోపం తెచ్చుకోకండి. మీరు వద్దన్నాక, అసలు ఈ జాబితా ఎందుకిలా పెట్టారో తెలుసుకుందామని లుంబుంగ్ పాత ఉత్తరాలన్నీ తిరగేశాను. పాలిటెక్నిక్ సర్వర్‌లో ఇంకా ఉన్నాయి. ఇది కనబడింది."

2013 జూన్ 11. మంగారా రాసింది. మాట ఇచ్చిన నెల మే. లెక్క చూసుకుంటే నెలకు మూడు రోజులు తక్కువ.

ఉత్తరం చిన్నది. "మాస్, తెర పూర్తయింది. రెండే వరుసలు. పాతది, కొత్తది. డిస్కు ఒకసారి తయారయ్యాక వరుసకు తాళం పడుతుంది, ఎందుకు పడిందో ఒక వాక్యం కనిపిస్తుంది. చెప్పినట్టే యు సార్మిని కూర్చోబెట్టి చూశాను. రెండు నిమిషాల్లో యంత్రం లేపింది. చూసి చెప్పండి."

దాని కిందే నా జవాబు.

నేను కాగితం బల్లమీద పెట్టాను. అక్క అందుకుని, ముక్కుకు ఆనించుకుని, బడిపిల్లలా పైకి చదివింది. "ఎంచుకోలేనివాడికి యంత్రం ఎందుకు? ... ఒరేయ్ కుంచొరో, ఇది నువ్వే కదరా రాసింది."

పంతులమ్మ నేలకేసి చూస్తోంది. నెగ్గినవాళ్ళు అలా చూడకూడదు, ఎదుటివాడికి తిట్టడానికి కూడా వీలుండదు.

"నిన్ను కూర్చోబెట్టాడా?" అని అడిగాను అక్కని.

"కూర్చోబెట్టాడు. నువ్వు సురబాయా వెళ్ళావు ఆ రోజు. ఒక కంప్యూటరు పుట్టించాను, తెలుసా! నల్ల తెర మీద తెల్ల అక్షరాలొచ్చాయి. ఆ పిల్లాడు చప్పట్లు కొట్టాడు. ఎవరికీ చెప్పొద్దు యు, మాస్‌కి నేనే చెబుతా అన్నాడు. చెప్పాడనుకున్నా."

"చెప్పలేదు" అన్నాను. తర్వాత, కాగితం అక్కడే ఉంది కనుక, ఊరుకున్నాను.

వినార్సిహ్ కంప్యూటరు తియ్యలేదు. "మళ్ళీ అడుగుతున్నాను, పాక్. ఈ నెలాఖరులోపు" అంది.

"చూస్తాను" అన్నాను.

ఆవిడ ఇంగ్గిహ్ అనలేదు ఈసారి. మొదటిసారి నా మొహంలోకి చూసింది.

ఫిబ్రవరి 20

2013 జూన్‌లో నాకు పన్ను నొప్పి. కింది వరుసలో, ఎడమవైపు. జూన్ మధ్యలో పీకించుకున్నాను.

ఫిబ్రవరి 21

ఆనాడు మంగారా రాసిన ప్రోగ్రాం సర్వర్‌లోంచి తీసి మొత్తం చదివాను. మధ్యాహ్నం దాకా పట్టింది. ఇలా అయితే ఇటు, అలా అయితే అటు అనే కొమ్మలు ఎక్కువ పెడతాడు ఎప్పుడూ, రెండు మాటల్లో అయ్యే దానికి నాలుగు. కాని ఆ తాళం ఉందే. డిస్కు తయారయ్యాక ఫర్మ్‌వేర్ మార్చబోతే తెర ఇలా అంటుంది: "ఈ డిస్కు ఈ ఫర్మ్‌వేర్ కింద పుట్టింది. ఇప్పుడు మారిస్తే లేవదు. మార్చాలంటే కొత్త యంత్రం చెయ్యండి." దాచలేదు. అబద్ధం చెప్పలేదు. నేను పదకొండు పేర్లతో చెప్పలేని నిజం మూడు వాక్యాల్లో చెప్పాడు. అసలు పేర్లు కావాలన్నవాడికి అడుగున ఒక చిన్న బాణం గుర్తు ఉంది, నొక్కితే పదకొండూ తెరుచుకుంటాయి. పదకొండూ!

ఆ బాణం నాకోసం పెట్టాడు. ఇంకెవడు చదువుతాడు వాటిని.

ఆవిడ రాసిన దాంట్లో తాళం లేదు. బాణం లేదు.

ఫిబ్రవరి 22

ఆవిడకు ఫోను చేశాను. మంగారా తాళాన్నీ బాణాన్నీ తన దాంట్లో కలపమన్నాను. ఒకచోట కామా తప్పు ఉందని కూడా చెప్పాను, ఉంది.

"అలాగే, పాక్! ఈ తెర ఎవరి పేరు మీద పెట్టమంటారు?"

"నీ పేరు పెట్టుకో."

"మొదటి పేరు ఆయనది పెడతాను. రెండోది నాది."

"నీ ఇష్టం."

"మూడోది మీది పెట్టనా, పాక్?"

వద్దన్నాను. రెండోసారి అడిగింది. వద్దన్నాను. మూడోసారి అడగబోతుంటే ఫోను పెట్టేశాను. కొన్ని వద్దులు నిజంగానే వద్దు.

ఫిబ్రవరి 25

ఒప్పుకున్నాను. లుంబుంగ్‌లో చేరింది. పదకొండు వరుసలు మడతపడి బాణం కిందికి వెళ్ళిపోయాయి. నా కళ్ళముందే.

ఇరవై ఏళ్ళ పని సాయంత్రం కాఫీ చల్లారేలోపు అయింది.

ఫిబ్రవరి 26

మంగారాకు ఉత్తరం రాశాను. పదేళ్ళ తర్వాత మొదటిది. నాలుగుసార్లు చెరిపి, చివరికి పంపింది ఇది: "నీ తెర నిన్న చేరింది. బాగుంది. ఆనాడు నువ్వు ఇంకోసారి అడిగి ఉండాల్సింది. కుంచొరో."

మార్చి 2

జవాబు లేదు. అడ్రసు పాతదేమో.

మార్చి 4

లేదు. నేను మళ్ళీ రాయను.

మార్చి 6

పొద్దుటినుంచి వాన. కెపాంజెన్ వైపు కరెంటు పోతే అంతా వృథా. అక్క మూడుసార్లు అడిగింది, ఫోను వచ్చిందా అని. నీకెందుకు అన్నాను. "నా తెర కదరా అది, మొదట లేపింది నేనే" అంది.

పదకొండున్నరకు వచ్చింది. "ఇరవై తొమ్మిదీ లేచాయి, పాక్." వెనకాల పిల్లల గోల వినిపిస్తోంది. ఒకమ్మాయి మాత్రం బాణం నొక్కి పదకొండు పేర్లూ తెరిచి, ఇవేమిటి టీచర్ అని అడిగిందట. పరీక్ష అయ్యాక చెబుతానందట.

"పాక్ కుంచొరో గారిని అడిగి చెబుతానన్నాను, పాక్. ఒకరోజు పిల్లల్ని తీసుకురానా మీ ఇంటికి?"

వద్దన్నాను.

ఇంకా రెండుసార్లు అడుగుతుంది ఆవిడ. నాకు తెలుసు.

మార్చి 9

మంగారా జవాబు.

"మాస్, మీరు వద్దన్నారు. నేను విన్నాను. అంతే. యు సార్మికి నా నమస్కారం. అరటిపండు ఇంకా వేయిస్తోందా?"

మార్చి 10

వద్దంటే వినడమేనా?

ఎనిమిదేళ్ళున్నాడు ఈ ఊళ్ళో. మా ఇంట్లో తిన్నాడు. మా అక్క ఒక్కొక్కరినీ మూడేసిసార్లు అడగడం చూశాడు, తన విషయంలోనే చూశాడు, నవ్వాడు కూడా. నేను జావా మనిషినని తెలియదా? మొదటి వద్దు ఏపాటిదో తెలియదా? నిన్నమొన్న వచ్చిన పంతులమ్మ వానలో తడుస్తూ రెండోసారి వచ్చింది, మూడోసారి వచ్చింది. ఇతగాడు పక్క కుర్చీలో ఉండేవాడు. చెయ్యి చాపితే తగిలే దూరం. "మాస్, ఇంకోసారి చూడండి" అని అంటే చూసేవాణ్ణి. ఆ వారం కాకపోతే పై వారం, పన్ను పీకించుకున్నాక. తప్పకుండా చూసేవాణ్ణి.

అలా అడగకుండా, ఒక్క వద్దు పట్టుకుని ఓడెక్కాడు. ఆ కుర్చీలో తర్వాత ఎవరూ కూర్చోలేదు. నేను కూర్చోనివ్వలేదని దర్సోనో అనేవాడు, అది అబద్ధం. పదేళ్ళలో ఎన్ని బడుల్లో ఎందరు నల్ల తెరలు చూశారో. ఆ యూలియాంతి ఎనిమిదో వరుస దాకా ఒక్కతే నడిచింది.

ఇందాక అక్క గుమ్మంలోంచి, "కాఫీ తేనా?" అంది.

వద్దన్నాను.

"చల్లగా ఉందిరా, ఒక గుక్కెడు?"

తెమ్మన్నాను. తాగాను.

ఎంత కష్టం ఇది? రెండోసారి అడగడం ఎంత కష్టం? ఎవరేమన్నా, ఆ ఉత్తరం బల్లమీదే ఉన్నా, దాని కింద నా పేరే ఉన్నా, ఇవాళ్టికీ నేను తప్పు పట్టేది ఒక్కడినే.

మంగారా సితోహాంగ్.